పాత 'ఓ' గేజ్ (O gauge) బొమ్మ రైలు స్టీమ్ ఇంజిన్‌లో రీచార్జబుల్ బ్యాటరీ పోయింది, ఏది కొనాలి?

కాజీపేట_కుర్రాడు (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను. ఏదైనా వివరం వదిలేస్తే అడగండి.

మా నాన్న 1979లో కాజీపేట స్టీమ్ షెడ్‌లో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవర్‌గా రిటైరయ్యారు. డిసెంబర్ చివర్లో మా దగ్గరికి వస్తున్నారు. ఆయనకీ, మా ఏడేళ్ల అబ్బాయికీ కలిపి ఒక స్టీమ్ ఇంజిన్ కొనాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. అక్టోబర్‌లో పెన్సిల్వేనియాలోని యార్క్‌లో జరిగిన టాయ్ ట్రైన్ మేళాకి వెళ్లి, ఎమ్‌టీహెచ్ అనే అమెరికన్ కంపెనీ ఓ గేజ్ ఇంజిన్ ఒకటి టెండర్‌తో (ఇంజిన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే బండి) సహా సెకండ్ హ్యాండ్‌లో తెచ్చాను. అమ్మిన పెద్దాయన పన్నెండేళ్లుగా అది అటక మీద డబ్బాలోనే ఉందని ముందే చెప్పారు.

ఇంజిన్ నడుస్తోంది. పొగ వస్తోంది, లైటు వెలుగుతోంది. శబ్దం దగ్గరే ఇబ్బంది. దిశ మార్చడానికి బటన్ నొక్కిన ప్రతిసారీ శబ్దం టక్కున తెగిపోయి, మళ్లీ మొదటి నుంచి మొదలవుతోంది. పవర్ తీసేస్తే ఆ క్షణమే అంతా నిశ్శబ్దం. వీడియోల్లో చూస్తే పవర్ తీశాక కూడా కొన్ని సెకన్లు శబ్దం వచ్చి, నెమ్మదిగా ఆగుతుంది.

టెండర్ కింద స్క్రూలు విప్పి చూశాను. మన 9 వోల్టుల బ్యాటరీ ఆకారంలోనే తెల్లటి బ్యాటరీ ఉంది, మీద 8.4 అని రాసి ఉంది. మల్టీమీటర్‌తో చూస్తే 3.1 వోల్టులు. ఇంట్లో స్మోక్ అలారంకి తెచ్చిన 9 వోల్టుల బ్యాటరీ ఉంది, క్లిప్ కూడా సరిగ్గా సరిపోతోంది. అది పెట్టేయొచ్చా?

---

మూడో_పట్టా (డాలస్)

తమ్ముడూ, ఆ స్మోక్ అలారం బ్యాటరీ మాత్రం పెట్టొద్దు. పెట్టగానే ఇంజిన్ బాగైనట్టే కనిపిస్తుంది, అసలు ప్రమాదం అదే. లోపలి బోర్డు పట్టాల నుంచి కరెంటు తీసుకుని ఆ బ్యాటరీని ఎప్పుడూ చార్జ్ చేస్తూనే ఉంటుంది. ఆల్కలైన్ బ్యాటరీ చార్జింగ్‌ని తట్టుకోలేదు. వేడెక్కుతుంది, కారుతుంది, ఒక్కోసారి పగులుతుంది. దాని పక్కనే ఇంజిన్ మొత్తంలో అత్యంత ఖరీదైన బోర్డు ఉంటుంది.

నువ్వు చెప్పిన లక్షణాలను బట్టి అది ప్రోటో సౌండ్ 2. ఎమ్‌టీహెచ్ ఇంజిన్లలో శబ్దాన్నీ నడకనీ చూసుకునే బోర్డు పద్ధతి, 2000లో వచ్చింది. ఇందులో రెండు తరాల బోర్డులు ఉన్నాయి. ముందు వచ్చిన 5 వోల్టుల బోర్డుకి 8.4 వోల్టుల బ్యాటరీ, తర్వాతి 3 వోల్టుల బోర్డుకి 2.4 వోల్టుల చిన్న ప్యాక్. ఆ చిన్న ప్యాక్‌లో రెండే సెల్లు ఉంటాయి, స్నాప్ క్లిప్ బదులు చిన్న ప్లగ్ ఉంటుంది. నీది మొదటి రకం. ఆ తర్వాత వచ్చిన ప్రోటో సౌండ్ 3లో అసలు బ్యాటరీయే లేదు, సూపర్ కెపాసిటర్లు పెట్టారు.

కొనేటప్పుడు చాలామంది పొరబడే చోటు ఒకటుంది. "9 వోల్ట్ రీచార్జబుల్" అని వెతికితే ఒకే ఆకారంలో రకరకాల బ్యాటరీలు వస్తాయి. నికెల్ సెల్ ఒక్కోటి 1.2 వోల్టులు. ఆరు సెల్లు ఉంటే 7.2, ఏడుంటే 8.4, ఎనిమిదుంటే 9.6. మూడింటినీ 9 వోల్టులు అనే పేరుతోనే అమ్ముతారు. నీకు కావలసింది ఏడు సెల్లది, అంటే లేబుల్ మీద 8.4 అని స్పష్టంగా ఉండాలి, నికెల్ మెటల్ హైడ్రైడ్ అని ఉండాలి. పక్కన యూఎస్‌బీ రంధ్రం ఉన్న లిథియం 9 వోల్టులవి కూడా దొరుకుతున్నాయి. అవి ఈ ఇంజిన్‌కి అస్సలు పనికిరావు, బోర్డులోని చార్జింగ్ సర్క్యూట్ నికెల్ సెల్లను దృష్టిలో పెట్టుకుని చేసింది.

ఈ బ్యాటరీలు ఐదేళ్లు నడిస్తే బాగా నడిచినట్టు. పన్నెండేళ్లు అటక మీద ఉన్నది పోవడంలో ఎవరి తప్పూ లేదు, దాని వయసు అయిపోయింది.

---

సీతాఫల్‌మండి_ఎన్ (సికింద్రాబాద్)

నాది ఎన్ స్కేల్, అంటే అసలు రైలులో 160వ వంతు ఉండే చిన్న సైజు. మా ఇంజిన్లలో బ్యాటరీ అనేదే ఉండదు, అందుకే అడుగుతున్నాను. పట్టాల నుంచే కరెంటు వస్తున్నప్పుడు లోపల మళ్లీ బ్యాటరీ ఎందుకు అన్నా?

---

మూడో_పట్టా

మంచి ప్రశ్న. ఓ గేజ్‌లో మూడు పట్టాలు, 18 వోల్టుల ఏసీ. ఏసీలో ప్లస్ మైనస్ తిరగేసి దిశ మార్చడం కుదరదు కదా, అందుకే ఈ పాత పద్ధతిలో క్షణం సేపు పవర్ తెంచి మళ్లీ ఇస్తే ఇంజిన్ దాన్ని ఆదేశంగా తీసుకుంటుంది. ఒకసారి తెంచితే ఆగుతుంది, మళ్లీ తెంచితే వెనక్కి వెళ్తుంది. ఆ తెంచిన క్షణంలో శబ్దం ఆగిపోకుండా పట్టి ఉంచేదే ఈ బ్యాటరీ.

ఇంకో పని కూడా ఉంది. పూర్తిగా పవర్ తీసేశాక బోర్డు తన సెట్టింగులు దాచుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి. ఆ కొన్ని సెకన్లకూ కరెంటు బ్యాటరీ నుంచే. ఇంతకు ముందు తరం ప్రోటో సౌండ్‌లో బ్యాటరీ చచ్చిపోయిన స్థితిలో ఇంజిన్‌ని నడిపి, చిప్‌లోని సమాచారం చెడగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. పిచ్చి శబ్దాలు రావడం, ఆదేశాలు తీసుకోకపోవడం లాంటివి. చవకైన బ్యాటరీ కోసం ఖరీదైన బోర్డు పోవడం చూస్తే బాధగా ఉంటుంది. అందుకే కొత్తది వచ్చేదాకా ఆ ఇంజిన్ నడపొద్దనే అంటాను.

---

మౌలాలి_64 (సికింద్రాబాద్)

బాబూ, మీ నాన్నగారిది కాజీపేట అని చూసి ఆగాను. నేను మౌలాలి డీజిల్ షెడ్‌లో ఎలక్ట్రికల్ వైపు ముప్ఫై నాలుగేళ్లు చేశాను. బొమ్మ రైళ్లు మా మనవడి వల్ల పరిచయం.

పెద్ద ఇంజిన్‌లోనూ ఇదే కథ. డబ్ల్యూడీఎం2 అనే డీజిల్ ఇంజిన్‌లో ఒక్కోటి 8 వోల్టుల చొప్పున ఎనిమిది బ్యాటరీలు, మొత్తం 64 వోల్టులు. నా పేరు వెనక 64 అదే. 2600 హార్స్ పవర్ ఇంజిన్‌ని మొదట తిప్పేది అవే. స్టార్ట్ చేసే ఆ కొద్ది సెకన్లు మెయిన్ జనరేటరే మోటార్‌గా మారి ఇంజిన్‌ని తిప్పుతుంది. మీటర్ పెడితే బ్యాటరీ బ్రహ్మాండంగా చూపిస్తుంది, స్టార్ట్ బటన్ నొక్కగానే చతికిలపడుతుంది. కాబట్టి ఖాళీగా ఉన్నప్పటి వోల్టేజ్ నమ్మొద్దు, పని చేయిస్తూ చూడాలి.

నీ పాత బ్యాటరీ సంగతి సరే, ఏడు సెల్లకి 3.1 అంటే లోపల కొన్ని సెల్లు పూర్తిగా చచ్చాయి, కొన్నింటిలో ప్లస్ మైనస్ తిరగబడి కూడా ఉండొచ్చు. దాన్ని బతికించే ప్రయత్నం చేయకు. కొత్తది వచ్చాక ఇలా పరీక్షించు. 100 ఓంల, 1 వాట్ రెసిస్టర్ తీసుకుని బ్యాటరీ రెండు కొనలకి తగిలించి, అలా ఉండగా మీటర్‌తో చూడు. సుమారు 85 మిల్లీయాంపులు లాగుతుంది. నిండా చార్జ్ అయిన మంచి బ్యాటరీ ఒక నిమిషం తర్వాత కూడా 8.4 పైన నిలబడాలి. గబగబా 7 కిందికి జారితే సెల్‌కి 1 వోల్టు కూడా లేదన్నమాట, వెనక్కి పంపించు. రెండు సెల్ల ప్యాక్‌కి ఆ గీత 2 వోల్టులు.

చార్జింగ్ కూడా నెమ్మదిగా చేయి. బ్యాటరీ మీద కెపాసిటీ 170 ఎంఏహెచ్ (మిల్లీయాంప్ అవర్స్) అని ఉంటే పదో వంతు, అంటే 17 మిల్లీయాంపులు, 14 నుంచి 16 గంటలు. మొదటి చార్జ్ తొందరపడి చేస్తే దాని ఆయుష్షు అక్కడే తగ్గుతుంది.

---

కాజీపేట_కుర్రాడు

బాబాయి గారూ, మూడో పట్టా అన్నా, చాలా థ్యాంక్స్. 8.4 హైడ్రైడ్ బ్యాటరీ ఆర్డర్ పెట్టేశాను.

ఇప్పుడు కొత్త టెన్షన్. పాతది బయటికి తీస్తే క్లిప్ మీద తెల్లటి పొడి, ఒక పక్క ఆకుపచ్చ రంగు. టెండర్ నేల మీద కూడా చిన్న మరక ఉంది. బోర్డు మీదికి వచ్చినట్టు లేదు. దీన్ని ఎలా తుడవాలి? తడిగుడ్డతో తుడిస్తే చాలా?

---

మౌలాలి_64

నీళ్లతో తుడవకు, అక్కడే ఆగు.

మా షెడ్‌లో లెడ్ యాసిడ్ బ్యాటరీలు కారితే వంటసోడా నీళ్లతో కడిగేవాళ్లం, ఎందుకంటే అందులోది ఆమ్లం. నికెల్ బ్యాటరీలో ఉండేది పొటాషియం హైడ్రాక్సైడ్, అది క్షారం. దానికి సోడా వేస్తే ప్రయోజనం లేదు. వెనిగర్ గానీ నిమ్మరసం గానీ కావాలి. చేతులకి గ్లవ్స్ వేసుకో, కళ్లకి అద్దాలు పెట్టుకో. దూదిపుల్లని వెనిగర్‌లో ముంచి, పిండేసి, పొడి ఉన్నచోట మాత్రమే అద్దు. చిన్న బుడగలు వస్తే పని జరుగుతున్నట్టు. బుడగలు ఆగాక డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన ఇంకో పుల్లతో రెండుసార్లు తుడువు, వెనిగర్ అక్కడ మిగలకూడదు. చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఒక రాత్రంతా ఆరనివ్వు.

ఆకుపచ్చ రంగు రాగి తినేసిన గుర్తు. ఆ క్లిప్ వైరు కొన కొద్దిగా ఒలిచి చూడు. లోపలి తీగ నల్లబడి ఉంటే ఆ క్షారం వైరు లోపల పాకిందన్నమాట. అప్పుడు క్లిప్ మార్చాల్సిందే, నల్లబడ్డ తీగకి సోల్డర్ అంటదు. మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి కొత్త క్లిప్ అతికించు.

---

మూడో_పట్టా

బాబాయి గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. క్లిప్ మారిస్తే ఎరుపు నలుపు వైర్లు ఎక్కడ ఉన్నాయో ముందే ఫోటో తీసుకో. కొన్ని క్లిప్‌లలో వైర్ల రంగులు బోర్డు వైపు రంగులతో కలవవు, అందుకే రంగు చూసి కాకుండా మీటర్ పెట్టి ప్లస్ మైనస్ నిర్ధారించుకో. తిరగేసి ఒక్క క్షణం తగిలినా బోర్డు పోవచ్చు. నిజానికి 9 వోల్టుల బ్యాటరీ పెట్టేటప్పుడు చేయి జారి క్లిప్ తిరగబడి తగలడం చాలా తేలిక. బ్యాటరీని ఒక చేత్తో, క్లిప్‌ని ఇంకో చేత్తో పట్టుకుని, పెద్ద గుండీ చిన్న గుండీ కళ్లతో చూసుకునే నొక్కు.

---

తోట_రైలు (మెల్‌బోర్న్)

బ్యాటరీ మార్పిడి అని చూసి వచ్చాను. నాది పూర్తిగా వేరే లోకం, జీ స్కేల్. పెరట్లో ఇత్తడి పట్టాలు వేసి 45 మిల్లీమీటర్ల ట్రాక్ మీద నడుపుతాను. 1968లో జర్మనీలో ఎల్‌జీబీ అనే బొమ్మ రైళ్ల బ్రాండ్ మొదలుపెట్టిన పరిమాణం ఇది. పెరట్లో పట్టాల మీద ఆకులు, మట్టి, చిలుము అన్నీ చేరతాయి, కరెంటు సరిగా అందదు. అందుకే ఇంజిన్ లోపలే లిథియం ప్యాక్ పెట్టి రేడియోతో నడుపుతున్నాను. మీకు బ్యాటరీ శబ్దానికి మాత్రమే, నాకు మొత్తం నడక దాని మీదే.

మొదట్లో సంచీలా మెత్తగా ఉండే లైపో (లిథియం పాలిమర్) ప్యాక్ వాడాను. పెరటి షెడ్‌లో నిండా చార్జ్ చేసి ఇంజిన్‌లోనే వదిలేశాను. ఇక్కడ వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల షెడ్ లోపల ఇంకా ఎక్కువ. నెల తర్వాత చూస్తే ప్యాక్ ఉబ్బి, ఇంజిన్ పై భాగం లేవనంత గట్టిగా బిగుసుకుపోయింది. ప్యాక్‌కి చిల్లు పడకుండా తీయడానికి ఆ అందమైన బాడీని ఒక వైపు రంపంతో కోయాల్సి వచ్చింది. అప్పటి నుంచి రెండు అలవాట్లు పెట్టుకున్నాను. వాడకపోతే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచడం, ప్యాక్‌ని ఇంట్లోకి తెచ్చుకోవడం.

ఇప్పుడు 18650 సెల్లు నాలుగు వరుసగా కలిపి వాడుతున్నాను. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు, పేరులోనే కొలత ఉంది. ఒక్కో సెల్ 3.7, ప్యాక్ 14.8, నిండితే 16.8 వోల్టులు. ఐదేళ్ల తర్వాత ప్యాక్ మార్చేటప్పుడు నేను నేర్చుకున్నది చెప్తాను. నాలుగు సెల్లలో ఒకటే పోయింది కదా అని ఆ ఒక్కటీ మార్చొద్దు. పాత సెల్లు ముందే ఖాళీ అయిపోతాయి, కొత్తది వాటిని ఇంకా కిందికి లాగుతుంది. నాలుగూ ఒకే రకం, ఒకే సారి కొన్నవి ఉండాలి. బీఎమ్ఎస్ బోర్డు లేకుండా ప్యాక్ పెట్టొద్దు, ఏ సెల్ 4.2 దాటకుండా, మరీ కిందికి పడిపోకుండా చూసేది అదే. నికెల్ బ్యాటరీల చార్జర్‌తో లిథియం చార్జ్ చేయడం అంటే ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

ఇంకా, సెల్ మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెట్టకండి. వేడి లోపలి పొరల్ని చెడగొడుతుంది. నికెల్ పట్టీలు స్పాట్ వెల్డ్ చేసిన సెల్లు కొనండి, సోల్డర్ ఆ పట్టీ చివర్లో చేయండి.

---

గుజరాతీ_గల్లీ (హైదరాబాద్)

అన్న చెప్పిన 18650 గురించి ఇక్కడి వాళ్లకోసం రాస్తున్నాను. కోఠిలో గుజరాతీ గల్లీ వైపు వెళ్తే సెల్లు గుట్టలుగా దొరుకుతాయి. 9900 ఎంఏహెచ్ అని రాసినవి చూస్తే ముట్టుకోవద్దు. ఆ సైజులో నిజంగా ఉండేది 3500 దగ్గర్లోనే. మంచి సెల్ 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. నేను వంటింట్లో వాడే చిన్న డిజిటల్ తూకం జేబులో పెట్టుకుని వెళ్తాను. 30 గ్రాములు చూపిస్తే అక్కడే పెట్టేసి వచ్చేస్తాను. పాత ల్యాప్‌టాప్ ప్యాక్‌ల నుంచి తీసి కొత్త రేపర్ చుట్టినవి కూడా ఉంటాయి. వాటి తూకం సరిపోతుంది, కానీ కెపాసిటీ సగం ఉండదు. ప్లస్ కొన మీద పాత వెల్డింగ్ మచ్చలు కనిపిస్తే అవి అవే.

బ్యాటరీ స్కూటర్లకి, డ్రిల్లింగ్ మెషీన్లకి ప్యాక్‌లు కట్టే షాపుల్లో స్పాట్ వెల్డింగ్ మెషీన్ ఉంటుంది. మన సెల్లు ఇస్తే పట్టీలు వేసి ఇస్తారు. వెల్డింగ్ కోసం ఇంట్లో ప్రయోగాలు చేయకండి.

ఫారిన్ నుంచి ఎవరైనా తెస్తుంటే విడి లిథియం ప్యాక్‌లు చెక్ ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు, క్యాబిన్ బ్యాగులోనే. 100 వాట్ అవర్స్ లోపు అయితే సమస్య లేదు. తోట రైలు అన్న ప్యాక్ లాంటిది 3.4 యాంప్ అవర్ సెల్లతో సుమారు 50 వాట్ అవర్స్ వస్తుంది.

పిల్లల రైళ్ల సంగతి కూడా చాలామంది అడుగుతుంటారు. పెన్సిల్ సెల్లతో నడిచే బొమ్మ రైలులో రీచార్జబుల్ వేస్తే కొంచెం నెమ్మదిగా వెళ్తుంది. కొత్త ఆల్కలైన్ 1.5, హైడ్రైడ్ 1.2, తేడా అంతే. రైలు పాడైందని అనుకోవద్దు. అలాంటి వాటికి 2005లో ఎనెలూప్ తెచ్చిన రకం, అంటే పక్కన పెట్టినా చార్జ్ పెద్దగా కారిపోని సెల్లు కొనండి. పిల్లలు నెలకోసారి ఆడినా సెల్ సిద్ధంగా ఉంటుంది.

---

కృష్ణా_కెనాల్ (పిట్స్‌బర్గ్)

కాజీపేట తమ్ముడూ, ఆర్డర్ పెట్టేశావు కానీ నా అభిప్రాయం వేరు. మళ్లీ బ్యాటరీ ఎందుకు? ఆ స్థానంలోనే సరిపోయే సూపర్ కెపాసిటర్ దొరుకుతుంది, అదే క్లిప్. నా దగ్గర పద్నాలుగు ప్రోటో సౌండ్ 2 ఇంజిన్లు ఉన్నాయి, అన్నింటికీ అదే పెట్టాను. కారదు, ఉబ్బదు, పదేళ్లు డబ్బాలో ఉంచినా బోర్డుకి నష్టం లేదు. పట్టాల మీద పెట్టగానే నిండుతుంది. ఇన్ని ఇంజిన్లకి ఐదేళ్లకోసారి బ్యాటరీలు కొని, విప్పి, బిగించి కూర్చోవడం నా వల్ల కాదు. ఒక్కోసారి విప్పినప్పుడల్లా టెండర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే ఆ సన్నటి వైర్లు తెగుతాయేమో అని భయం కూడా.

---

మూడో_పట్టా

అన్నా, పద్నాలుగు ఇంజిన్లు డబ్బాల్లో ఉండేవాళ్లకి మీ మాటే సరి, ఒప్పుకుంటాను. కానీ కెపాసిటర్ పెట్టినవాళ్లు మొదట పవర్ ఇచ్చాక కొద్దిసేపు ఆగాలి, అది నిండాలి కదా. ఇంటికి వచ్చిన పిల్లవాడు స్విచ్ వేసిన మరుక్షణమే దిశ బటన్ నొక్కుతాడు. అప్పుడు శబ్దం తెగిపోవడం, సెట్టింగులు సరిగా దాచుకోకపోవడం మళ్లీ అదే సమస్య. ఒక్క ఇంజిన్, వారం వారం నడిపే ఇల్లు అయితే నేను మంచి హైడ్రైడ్ బ్యాటరీయే పెడతాను.

---

కృష్ణా_కెనాల్

వారం వారం నడిపితే సరే. నడపని ఆర్నెల్లలోనే బ్యాటరీలు పోతాయి. నేను ఎన్ని ఇళ్లలో చూశానో, సంక్రాంతికి తీసి మళ్లీ క్రిస్మస్‌కి పెట్టేవాళ్లే ఎక్కువ. తమ్ముడూ, నువ్వు ఏ రకమో నువ్వే చూసుకో. బ్యాటరీ పెడితే మాత్రం ఫోన్‌లో రెండు నెలలకోసారి రిమైండర్ పెట్టుకో. చాలా ఇంజిన్లకి కింద చార్జింగ్ జాక్ ఉంటుంది, లేదంటే ట్రాక్ మీద ఒక పూట పవర్ ఇచ్చి కదలకుండా ఉంచితే చాలు.

---

కాజీపేట_కుర్రాడు

ఇద్దరి మాటా అర్థమైంది. ఈసారికి బ్యాటరీ, రిమైండర్ పెట్టుకున్నాను. ఇంకో ఇంజిన్ కొంటే కృష్ణా కెనాల్ అన్న చెప్పిన కెపాసిటర్ ప్రయత్నిస్తాను.

పాత బ్యాటరీ ఏం చేయాలి? అది నైకాడ్ (నికెల్ కాడ్మియం) అని లేబుల్ మీద ఉంది.

---

గుజరాతీ_గల్లీ

చెత్తబుట్టలో వేయొద్దు అన్నా, కాడ్మియం విషం. అమెరికాలో పెద్ద హార్డ్‌వేర్ దుకాణాల్లో రీచార్జబుల్ బ్యాటరీలకి డబ్బాలు పెడతారు, కొనలకి టేపు అంటించి అందులో వేయండి. ఇక్కడ ఇండియాలో 2022లో వచ్చిన బ్యాటరీ వేస్ట్ రూల్స్ ప్రకారం వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. నేను మా వీధి వాళ్ల బ్యాటరీలు కూడా ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోగుచేసి ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) సెంటర్‌లో ఇస్తున్నాను.

---

కాజీపేట_కుర్రాడు

అప్‌డేట్. అందరికీ చెప్పాల్సిన బాకీ ఉంది.

క్లిప్ వైరు ఒలిచి చూస్తే బాబాయి గారు అన్నట్టే లోపల నల్లగా ఉంది. అంగుళంన్నర కత్తిరించాక మెరిసే రాగి వచ్చింది. కొత్త క్లిప్ అతికించి హీట్ ష్రింక్ ట్యూబ్ తొడిగాను. కొత్త క్లిప్ ఎర్ర వైరు, బోర్డు వైపు ఎర్ర వైరు నిజంగానే కలవలేదు. పాత క్లిప్ ఎవరో ఎప్పుడో మార్చినట్టున్నారు. మీటర్ పెట్టకుండా రంగు నమ్మి ఉంటే బోర్డు కాలిపోయేది. మూడో పట్టా అన్నా, ఆ ఒక్క మాటకి మీకు ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను.

బ్యాటరీ 15 గంటలు చార్జ్ పెట్టాను. తీశాక 9.6, రెండు గంటల తర్వాత 9.3. 100 ఓంల రెసిస్టర్ పెడితే నిమిషం తర్వాత 8.8 దగ్గర నిలబడింది. టెండర్ బిగించి, ట్రాక్ మీద పావుగంట పవర్ ఇచ్చి ఉంచి, స్విచ్ తీశాను. శబ్దం ఆగలేదు. ఆవిరి నెమ్మదిగా తగ్గుతూ, తగ్గుతూ ఆగింది. గదిలో ఒక్కణ్నే ఉన్నాను, మళ్లీ మళ్లీ నాలుగుసార్లు స్విచ్ వేసి తీశాను.

నాన్న 27న దిగారు. జెట్ లాగ్‌లో తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటే, బాబు కూడా లేచాడు. ముగ్గురం హాల్లో నేల మీద కూర్చున్నాం. నాన్న మొదట కూత వినలేదు, చెవి దగ్గరగా పెట్టి చఫ్‌లు (ఆవిరి వదిలే 'చుక్ చుక్' చప్పుళ్లు) లెక్కపెట్టారు. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి నాలుగు. "రెండు సిలిండర్లు, ఒక్కోదానికి రెండు వైపులా ఆవిరి, నాలుగు. సరిగ్గా చేశారు" అన్నారు. తర్వాత బాబుకి దిశ మార్చడం ఆయనే నేర్పించారు. ఆగకముందే వెనక్కి వేయకూడదని, పూర్తిగా ఆగాకే రివర్స్ వేయాలని. ఇప్పుడు వాడు ఆగిందా లేదా అని చక్రాల్ని చూసి మరీ బటన్ నొక్కుతున్నాడు.

ఇంకో చిన్న ప్రశ్న. నాన్నకి ఒక డీజిల్ కూడా కావాలట. ప్రోటో సౌండ్ 2 డీజిల్ ఒకటి చూశాను, అందులో బ్యాటరీ ఎక్కడుంటుంది? అది 8.4దా 2.4దా అని విప్పకుండా తెలుసుకోవచ్చా?

---

మూడో_పట్టా

చాలా సంతోషం తమ్ముడూ. డీజిల్‌లో టెండర్ ఉండదు కాబట్టి బ్యాటరీ బాడీ లోపలే, బోర్డు పక్కన ఉంటుంది. బాడీ స్క్రూలు అడుగు వైపున ఉంటాయి, కొన్నింటిలో చక్రాల ట్రక్కులు పక్కకి తిప్పితే గానీ కనిపించవు. విప్పకుండా కచ్చితంగా చెప్పడం కష్టం. తయారైన ఏడాది తెలిస్తే అంచనా వేయొచ్చు, పాతవైతే 8.4 అయ్యే అవకాశం ఎక్కువ. కొనే ముందు అమ్మేవాళ్లని బ్యాటరీ ఫోటో అడుగు. ప్లగ్ ఉన్న రెండు సెల్ల ప్యాక్ అయితే 2.4.

---

మౌలాలి_64

బాబూ, మీ నాన్నగారు ఏ లింకులో, అంటే ఏ రూటు డ్యూటీలో పనిచేశారో అడిగి చెప్పు. కాజీపేట బళ్లు మాకు రోజూ వచ్చేవి. ఆయన్ని నేను చూసే ఉంటాను.

---

కాజీపేట_కుర్రాడు

నాన్న పక్కనే ఉన్నారు, చెప్పమన్నది చెప్పినట్టు రాస్తున్నాను. "బల్లార్షా లింకు ఎక్కువ, మధ్యలో కొన్నేళ్లు డోర్నకల్ వైపు. మౌలాలిలో బండి పెట్టి టీ తాగిన రోజులు చాలా ఉన్నాయి. జనవరి ఆఖరులో హైదరాబాద్ వచ్చాక వచ్చి కలుస్తాను, మీ మనవడి రైలు కూడా చూస్తాను."